చక్రానికి చీర ఫాలు

కొండాపూర్‌లో మేము అద్దెకున్న వీధిలో నా పేరు ఎవరికీ తెలియదు. "సైకిల్ తోసుకుంటూ పోయే ఆమె" అంటే మాత్రం కిరాణా కొట్టు దాకా అందరికీ తెలుసు. నేను దాన్ని తొక్కేదాన్ని కూడా. తొక్కేటప్పుడు ఒక్కరూ చూసేవారు కాదు, తోసేటప్పుడు ఊరంతా వాకిళ్ళలోనే ఉండేది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అది లావు టైర్ల గేర్ల సైకిల్. తొంభైల చివర్లో మా ఇంటికీ, హైటెక్ సిటీలో నా ఆఫీసుకూ మధ్య బండరాళ్ళూ, ముళ్ళకంపా, సగం వేసి వదిలేసిన రోడ్డూ ఉండేవి. బస్సు దాని ఇష్టం. మా ఆయన స్కూటర్ పొద్దున్నే వేరే దిక్కుకు వెళ్ళిపోయేది. నేను సైకిలెక్కి బండల మధ్య పల్లంలోకి దిగుతుంటే చల్లగాలి ముఖానికి కొట్టేది. పెళ్ళయ్యాక నన్ను ఎవరూ ఏమీ అడగని సమయం రోజు మొత్తంలో అదొక్కటే. ఆ సైకిల్ పోతే నేను ఏమైపోతానో అన్నంత భయం ఉండేది నాకు.

ముళ్ళు గుచ్చుకుని పంక్చరైతే ఒక అందం. నా సైకిల్‌కి లోపలి నుంచే అయ్యేది. రిమ్ములో స్పోకు పుల్లల మొనలు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. అవి ట్యూబును పొడవకుండా రిమ్ము చుట్టూ ఒక పట్టీ వేస్తారు. నా సైకిల్‌తో వచ్చిన రబ్బరు పట్టీ ఎండకు సాగి పక్కకు జరిగేది. పంక్చర్ దుకాణంలో పాత ట్యూబు కోసి చుట్టి ఇచ్చారు. అది ఇంకా శ్రద్ధగా జరిగింది.

మా అత్తమ్మది అనంతపురం. ఒకరోజు నేను చెమటలు కక్కుతూ సైకిల్ తోసుకొచ్చి గేటు తీస్తుంటే ఎదురుగా నిలబడింది.

"ఏమ్మే, దినామూ దాన్ని తోసుకుంటా వస్తాండావు. కోడలితో గొడ్డుచాకిరీ చేపిస్తాండారని వీధిలో అనుకోరా? ఇంగొక్క తూరి తోసుకుంటా కనపడినావంటే పాత సామాన్లోనికి ఏసేస్తా, సూడు."

అత్తమ్మ అన్నంత పనీ చేసే మనిషి. మా ఆయన ప్రాణంలా చూసుకున్న టేప్ రికార్డర్ అంతకు ముందే ఉల్లిపాయలుగా మారి మా ఇంటికి వచ్చింది, సాంబారులో కూడా పడింది.

ఆఫీసులో నా గోడు వెళ్ళబోసుకున్నాను. మేమంతా అప్పుడు కంప్యూటర్లలో సంవత్సరానికి రెండంకెలు చాలవని, రెండువేల సంవత్సరం వచ్చేలోపు నాలుగంకెలు చేసే పనిలో ఉన్నాం. ప్రపంచాన్ని మేమే కాపాడుతున్నామన్న పొగరు కొంచెం ఉండేది. అంత ప్రపంచంలో ఒక సైకిల్ చక్రం ఎంత? మా టీములో ఒకతను విదేశంలో ప్రాజెక్టు ముగించుకుని కొత్తగా వచ్చాడు. వస్తూ వస్తూ ఒక సైకిళ్ళ పత్రిక తెచ్చాడు. అక్కడ కొండలెక్కే సైకిళ్ళకు ట్యూబే లేని చక్రాలు వస్తున్నాయట. రిమ్ము లోపల టేపు వేసి గాలి పోకుండా మూసేస్తే చాలట.

"ట్యూబే లేకపోతే పంక్చర్ ఎక్కడిది?" అన్నాడు. అందరం తలలూపాం. ఇంత చిన్న విషయం ఇన్నాళ్ళూ తట్టనందుకు సిగ్గుపడ్డాం కూడా.

మా టీం లీడర్‌ది కాకినాడ. "ముందు రిక్వైర్‌మెంట్స్ రాసుకుందామండి. తర్వాతే టేపు," అన్నారు. బోర్డు తుడిచారు. కరెంటు పనివాళ్ళ నల్ల టేపు, దవాఖానలో కట్లకు వేసే తెల్ల ప్లాస్టర్, అట్టపెట్టెలకు వేసే బ్రౌన్ టేపు, ఇంకొకతని బాబాయి జీడిమెట్ల ఫ్యాక్టరీ నుంచి పంపిన ఏదో పసుపు పట్టీ పోటీలో నిలిచాయి. అతుక్కునే గుణానికి ఇన్ని మార్కులు, వెడల్పుకు ఇన్ని మార్కులు. వాదించుకుని వాదించుకుని చివరికి బ్రౌన్ టేపును గెలిపించాం. దాని అసలు గొప్పతనం ఏమిటంటే అది స్టోర్‌రూంలో ఊరికే దొరికేది.

భోజనాల వేళ పార్కింగులో వెనక చక్రం ట్యూబు పీకేసి, రిమ్ముకు టేపు చుట్టి, టైరు అంచులకు సబ్బునీళ్ళు పూసి, వంతులవారీగా పంపు కొట్టాం. ముందు బుడగలొచ్చాయి. బుడగలు రావడం మంచిదని ఒకరు, చెడ్డదని ఒకరు. తేల్చుకునేలోపు టైరు ఢామ్మని రిమ్ము మీంచి ఎగిరింది. లీడర్ గారి తెల్లచొక్కా నిండా సబ్బు నురగ. సెక్యూరిటీ అతను లాఠీ పట్టుకుని ఉరికొచ్చాడు.

"ఏంది సార్, ఏం పేలింది?"

"ఏం లేదన్నా, సైకిల్," అన్నాను.

"సైకిల్‌కు గింతమందా?" అన్నాడు.

తోసుకుంటూ వెళ్ళే ధైర్యం లేక, సైకిల్‌ను ఆటోలో ఎక్కించాను. అది సీటు మీద దర్జాగా పడుకుంది. నేను పెడలు ఒళ్ళో పెట్టుకుని అంచున కూర్చున్నాను. ఇల్లు చేరాక వరండాలో కూర్చుని టేపు గీకుతుంటే అత్తమ్మ కాసేపు చూసింది. ఆమెకు సైకిల్ అంటే పడదు. కానీ చెత్త పనితనం అంటే అసలే పడదు. వీధిలో సగం చీరలకు ఫాలు కుట్టింది ఆమే.

"ఏందిమే ఆ జిగురు! పట్టీ అంటే బట్టదుండాల. చీర ఫాలు మూడు మడతలేసి బిగిచ్చి కుడితే యాడికీ జారదు."

సరే, నేను తెస్తానన్నాను. "చీర లేకుండా ఫాలుకు ఎట్ల పోతావే?" అని తనూ బయల్దేరింది. అంటే చక్రం కూడా రావాలన్నమాట. కూకట్‌పల్లి బస్సులో చక్రాన్ని మా ఇద్దరి మధ్యా నిలబెట్టుకుని, మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్ళాం.

"చీర చూపియ్యి అక్కా," అన్నాడు కొట్టతను.

అత్తమ్మ చక్రాన్ని గల్లా మీద పెట్టింది. అతను దాన్ని చూశాడు, మమ్మల్ని చూశాడు. తర్వాత తన వృత్తిలోకి వచ్చేశాడు. "ఏ కలర్ల ఇయ్యమంటవ్?"

"ఏదైనా ఒకటే. లోపలుంటది, ఎవరికి కనవడతది?" అన్నాను నేను.

ఇద్దరూ నన్ను జాలిగా చూశారు. "ఫాల్ ఎప్పుడన్న బయటకు కనవడతదా అక్కా? అయినా మ్యాచింగ్ లేకుంటే ఎట్ల?" అన్నాడు అతను. చక్రాన్ని గుమ్మం దగ్గరికి మోసుకెళ్ళి, ఎండ వెలుతురులో పెట్టి, ఒక్కొక్క ఫాలూ రిమ్ము పక్కన పెట్టి చూపించాడు. పావురం రంగు, బూడిద రంగు, సిమెంటు రంగు. జాకెట్టు ముక్కలకొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు తమ పని మానేసి పావురం రంగే నప్పుతుందన్నారు. అత్తమ్మ ఒప్పుకోలేదు. సిమెంటు రంగువి రెండు తీసుకుంది.

ఇంటికి రాగానే మిషను మీద కూర్చుంది. మూడు మడతలు వేసి, అంచులు కుట్టి, రిమ్ము చుట్టూ బిగుతుగా కొలిచి చివరలు కలిపింది. గాలి కొట్టే వాల్వు బయటికి రావడానికి చొక్కా గుండీకి కుట్టినట్టు కాజా కూడా కుట్టింది. అంత అందమైన చక్రాన్ని నేను మళ్ళీ చూడలేదు. దాని మీద పాత ట్యూబునే మళ్ళీ ఎక్కించాను. తర్వాత వారాల తరబడి గాలి దిగలేదు. బండల మీద కావాలని ఎగిరించి చూశాను, దిగలేదు. ఆఫీసులో మాత్రం అది ఏ టేపో చెప్పలేదు.

తొలకరి వాన ఆఫీసు నుంచి వచ్చేటప్పుడే పట్టుకుంది. మోకాళ్ళ లోతు నీళ్ళలో, బురదలో తొక్కాను. మా వీధి మలుపు ఇంకా కనిపించకముందే వెనక చక్రం నుంచి ఆ పాడు చప్పుడు మొదలైంది. మలుపు దాకా వచ్చేసరికి టైరు పూర్తిగా కూలబడింది. కిరాణా కొట్టు రేకు కింద సైకిల్ పట్టుకుని నిలబడ్డాను. అక్కడి నుంచి మా ఇల్లు కనిపిస్తూనే ఉంది. తోసుకెళ్తే సైకిల్ ఉండదు. ఏడుపొచ్చింది. వాన కాబట్టి ఏడ్చాను కూడా.

ఎంతకీ రాలేదని గొడుగేసుకుని అత్తమ్మే వచ్చింది. తిట్లు తినడానికి సిద్ధపడ్డాను. ఆమె వంగి టైరు నొక్కి చూసింది. వేళ్ళ మధ్య నుంచి నీళ్ళు కారాయి.

"బాగా తడిసిందా?"

"మొత్తం తడిసింది అత్తమ్మా."

కొత్త ఫాలు నీళ్ళు తగిలితే గుంజుకుపోతుంది. అందుకే నానబెట్టి, ఆరబెట్టి, ఆ తర్వాతే చీరకు కుడతారు. అది తెలియని ఆడమనిషి ఉండదు. గుంజుకుపోయి చివరలు కలిపిన కుట్టు ఊడితే పుల్లల మొనలు మళ్ళీ బయటపడతాయి.

"ఫాలు తడపకుండానే కుట్టినా," అంది అత్తమ్మ మెల్లగా. "చక్రమే కదా అనుకున్యా."

గొడుగు నా చేతికిచ్చి, హ్యాండిల్ తను అందుకుంది. నేను వద్దన్నా వినలేదు. వాకిళ్ళలో వాన చూస్తూ కూర్చున్న వీధి వీధంతా తల తిప్పింది. "అయ్యో, నువ్వు తోస్తున్నవేందమ్మా?" అని ఎదురింటావిడ కేకేసింది.

"కుట్టింది నేనే గదా," అంది అత్తమ్మ ఆగకుండా.

ఎదురింటావిడకు ఏమీ అర్థం కాలేదు. నేను గొడుగు ఆమె తల మీద పట్టుకుని పక్కన నడిచాను. ఇంట్లోకి రాగానే తడిసిన చీరైనా మార్చుకోకుండా, అత్తమ్మ పెట్టెలోంచి ఇంకో సిమెంటు రంగు ఫాలు తీసి బకెట్లో నానేసింది.