అమ్మ ముఖం నిండిన వారం

పేగు ఆపరేషనయ్యాక అమ్మ నోటితో ఏమీ తీసుకోకూడదన్నారు. పంతొమ్మిది వందల అరవైల్లో, నెల్లూరు ఆసుపత్రిలో, సెలైను సీసాలే ఆమెకు అన్నం. రోజూ సూదులు గుచ్చీ గుచ్చీ చివరికి చేతుల్లో నరం దొరకలేదు. డాక్టరుగారు మోచేతి దగ్గర చిన్నగా కోసి, సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని ఛాతీలోని పెద్ద నరం దాకా పంపారు. ఆ మధ్యాహ్నం అమ్మ నిద్రపోయింది. మంచం పక్కన నేలమీద నేనూ నిద్రపోయాను.

పది రోజులకు ఆయన గొట్టం తీసేద్దామన్నారు. ఎక్కువ రోజులుంటే మంచిది కాదట. మళ్లీ సూదులనగానే అమ్మ బెదిరిపోయి నా వైపు చూసింది.

"ఇంకో వారం ఉంచండయ్యా" అని నేనే చేతులు జోడించాను.

ఆమె మీద జాలితో అన్నానా, ఆమె మూలుగు వినే ఓపిక లేక అన్నానా? రెండూ. ఆయన కాసేపు ఆలోచించి సరేనన్నారు.

ఆ వారంలోనే అమ్మకు బుగ్గలొచ్చాయి. మెడ ఎముకలు కనబడకుండా పోయాయి. సూళ్లూరుపేట నుంచి రైల్లో వచ్చిన పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏమ్మే, మీ యమ్మకు ఒళ్లు పట్టిండాదే! ఆ సీసాల్లో ఏం బలం పోస్తా ఉండారో!"

మా పల్లెలో ఒళ్లు చేయడమంటే జబ్బు పోవడమే. ఎండలో చేపలు ఆరబెట్టుకుని బతికే ఆడవాళ్లకు ఒళ్లెక్కడిది? అమ్మ అద్దం అడిగి చూసుకుని, "నా పెళ్లప్పుడు ఇట్టనే ఉన్నా" అంది. నాకు ఏడుపొచ్చేంత సంతోషం. ఇక ఇంటికి పోయి చాప పరుచుకుని పడుకోవచ్చు అనుకున్నాను.

మర్నాడు డాక్టరుగారు ఆ ముఖం చూసి, మెడమీద ఉబ్బిన నరాలు తాకి, నన్ను వరండాలోకి పిలిచారు. గొట్టం చుట్టూ రక్తం గడ్డకట్టి పెద్ద నరం మూసుకుపోతోందట. తలలోంచి రక్తం కిందికి దిగలేక వచ్చిన వాపు అది. ప్రాణానికే ముప్పన్నారు.

"నేనే ఉంచమన్నానయ్యా" అన్నాను.

"ఒప్పుకున్నది నేను గదమ్మా" అన్నారాయన.

గొట్టం తీసేశారు. గడ్డ పెరగకుండా మందు ఎక్కించారు. మళ్లీ సూదులు, ఈసారి కాళ్లలో. మళ్లీ మూలుగు. అన్నీ విన్నాను. మూడు వారాలకు వాపు దిగింది, గంజి దిగింది, అమ్మ బతికింది. బుగ్గలు మాత్రం పోయాయి.

పెద్దమ్మ మళ్లీ వచ్చి నా మీద విరుచుకుపడింది. "ఎట్టున్న మనిషిని ఎట్ట చేసినావే!"

అది ఒళ్లు కాదు, వాపని చెప్పబోయాను. అమ్మే అడ్డుపడింది.

"దాన్నేమీ అనబాకక్కా. గొట్టం తీయొద్దని డాక్టరయ్యను బతిమాలింది అదే. ఆ నాలుగు రోజులన్నా నాకు ఒళ్లు పట్టిందంటే దాని పుణ్యమే."

నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.