ఆకురాయి పట్టిన మా డ్రిల్లు మేడం

మంగళవారం పొద్దున కంపెనీ బస్సు ఏర్పేడు దాటుతుండగా ఫోనుకు మెసేజ్ వచ్చింది. ‘మేడం పోయినారు.’ రెండే మాటలు. డ్రైవరును బస్సు ఆపమన్నాను. “మధ్యలో దిగితే ఆబ్సెంటు వేస్తారు మా” అన్నాడు. వేసుకోమని చెప్పి దిగి, రోడ్డుకు అవతలి పక్కన నిలబడి తిరుపతి బస్సుకు చెయ్యెత్తాను. ఆమె బతికి ఉంటే షిఫ్టు మానేసినందుకు నన్ను నిలబెట్టి తిట్టేది.

ఆమె మాకు స్కూల్లో డ్రిల్లు టీచరు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేదు. రేణిగుంట రోడ్డులో తమ్ముడికి పాత వేరుశనక్కాయల గోడౌను ఉంటే, దాన్ని అడిగి తీసుకుని అందులో ఎయిర్ పిస్టల్ నేర్పడం మొదలుపెట్టింది. తూటాలుండవు, మందు ఉండదు. గాలి ఒత్తిడితో కందిగింజంత సీసపు గుండు పది మీటర్ల దూరంలోని కాగితానికి తగలాలి, అంతే. ఆడవాళ్లకు మాత్రమే. ఎందుకలా అని ఎవరన్నా అడిగితే, “మొగోళ్లకు ఊరంతా ఉండాది, ఈ గోడౌనొకటి మాకు వదలండప్పా” అనేది.

నేను ఆమెను మళ్లీ చూసింది స్కూలు వదిలిన పదిహేనేళ్లకు, బస్టాండులో. అప్పటికి ఏడాది క్రితం, నేను పనిచేసే ప్లాస్టిక్ విడిభాగాల కంపెనీలో అచ్చు మిషను నా కుడి చేతి చివరి రెండు వేళ్లను సగానికి తీసేసింది. ఆ చేతిని చున్నీ కింద దాచుకుని తిరగడం అలవాటైపోయింది. మేడం నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చి, పలకరింపు కూడా లేకుండా అడిగింది.

“ఆ చెయ్యి ఎందుకు మే మూసిపెట్టినావు? దొంగతనం చేసినావా?”

చున్నీ తీసి చూపించాను. అయ్యో అంటుందనుకున్నాను. ఆమె నా చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, “మూడు వేళ్లు ఉండాయి గదా. ఆదివారం రా” అంది.

ఆ ఆదివారం వెళ్లింది ఏదో మొహమాటానికే. పిస్టల్ ఎత్తగానే దాని గొట్టం కిందికి వాలిపోయింది. కింది రెండు వేళ్ల పట్టు లేకపోతే బరువంతా ముందుకే లాగేస్తుందని అప్పుడు తెలిసింది. నా వల్ల కాదు మేడం అన్నాను. ఆమె బీరువాలోంచి తన సొంత పిస్టల్ తెచ్చి నా ముందు పెట్టింది. దాని నల్లటి పాలిమర్ పిడి నిండా గీతలూ బూడిదరంగు అతుకులూ. రొమ్ము ఆపరేషన్ అయ్యాక ఆమె కుడి చెయ్యి వాచిపోయిందట. ఆ చేత్తో ఇక బరువులెత్తొద్దని డాక్టరు అంటే, “సరే, ఎడమ చేత్తో ఎత్తుతా” అని ఇంటికొచ్చి, కుడిచేతి పిడిని తనే గీకి, అతికి, ఎడమచేతికి మార్చుకుంది. అరవై దాటాక ఎడమచేత్తో గురి మొదటినుంచీ నేర్చుకుంది. ఆపరేషన్ అయిన చోటు తెలియకుండా జాకెట్లో దూది పెట్టుకోమని చుట్టాలు చెబితే, “ఎవురి కోసం?” అని అడిగిందట. 

“పిడి మనిషి చేతికి తగినట్టు ఉండాల. చెయ్యి పిడికి తగినట్టు కాదు” అని ఆమె నాకు చెప్పింది ఆ రోజే.

తర్వాతి ఆదివారం ఇంకో పిస్టల్ నాకని తీసిపెట్టి, నా అరచేతికి తడి పసుపు పూసి దాని పిడి పట్టుకోమంది. వదిలాక చూస్తే, నల్లటి ప్లాస్టిక్ మీద పసుపు అంటిన చోట్లు నా చెయ్యి ఆనిన చోట్లు. బొటనవేలి మొదట్లో దట్టంగా అంటింది, అక్కడ తీసెయ్యాలి. కింద, పోయిన వేళ్లు ఉండాల్సిన చోట, ఒక్క మరక లేదు. అక్కడ పెంచాలి. మేడం ఆకురాయి తీసుకుని బొటనవేలి దగ్గర మొదలుపెట్టింది. నాకు ఉండబట్టలేదు.

“మేడం, ఇది లోపల డొల్ల. అట్లే గీకితే బొక్క పడుతుంది. ముందు లోపల పుట్టీ నింపాల. పైన అతికేదానికి కూడా నున్నగా ఉంటే పట్టదు, గరుకు చేసి చిన్న చిన్న బొక్కలేసి అప్పుడు మెత్తాల.”

ఆమె ఆకురాయి ఆపి నా వైపు చూసింది. “ఇంత తెలిసినదానివి, నోరు మూసుకోని కూర్చున్నావా ఇంతసేపు?” అని ఆకురాయి నా చేతిలో పెట్టింది.

దాదాపు నెల పట్టింది ఆ పని. ఎపాక్సీ పుట్టీ రెండు ముద్దలు కలిపి పిసికి, నా మొండివేళ్లు ఆనేలా చిన్న గట్టు కట్టాం. ఎండాక తడి ఉప్పుకాగితంతో రుద్దడం, మళ్లీ పసుపు పూయడం, పట్టి చూడడం, మళ్లీ రుద్దడం. తొందరపడితే మందలించేది. “రవ్వంత గీకు, శానాసేపు సూడు. తీసేసింది మళ్లీ రాదు.” ఒకసారి ఆ మాట అనేసి నాలుక్కరుచుకుని నా వేళ్ల వైపు చూసింది. నేను నవ్వేశాను. ప్రమాదం తర్వాత నా చెయ్యి గురించి నేను నవ్వడం అదే మొదలు.

చివర్లో చెమటకు జారకుండా పిడి మీద టంకం పెట్టే కడ్డీ మొనతో చుక్కలు చుక్కలుగా కాల్చాలి. తలుపులన్నీ తెరిచి మూతికి గుడ్డ కట్టుకున్నా, కాలిన ప్లాస్టిక్ వాసన తగలగానే నాకు ఆ మిషను, ఆ రోజు, అంతా వచ్చి మీద పడింది. బయటికి పరిగెత్తి వాంతి చేసుకున్నాను. మేడం చెంబుతో నీళ్లు తెచ్చింది. వీపు నిమిరింది. కానీ ఆ కడ్డీ మాత్రం తను ముట్టుకోలేదు.

“నేను చేస్తే అయిపోతుంది. నీకు మాత్రం ఆ వాసన అట్లే ఉండిపోతుంది” అంది.

మూడు ఆదివారాలు పట్టింది. చుక్కలన్నీ నేనే కాల్చాను.

రాష్ట్ర పోటీలకు వెళ్లినప్పుడు, పరికరాలు తనిఖీ చేసే అధికారి నా పిస్టల్ చూసి పక్కన పెట్టేశాడు. అరచేయి ఆనే అంచు పైకి వంగి ఉంది, చదునుగా ఉండాలి, దీంతో కాల్చనివ్వను అన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. నా చెయ్యి చూసి, “ఎందుకమ్మా ఈ కష్టం మీకు? వెళ్లి ప్రేక్షకుల్లో కూర్చోండి” అన్నాడు.

మేడం అరుస్తుందనుకున్నాను. అరవలేదు. బల్ల మీదున్న నిబంధనల పుస్తకాన్ని ఆయన వైపు జరిపింది.

“అంచు తప్పు మాదే సార్. సరిచేసుకోని వస్తాం. చేతి సంగతి ఇందులో యాడ రాసిండాదో మీరు సూపించండి.”

ఆయన పుస్తకం తెరవలేదు. తనిఖీ బల్ల మూసేదానికి ఇంకా నలభై నిమిషాలుందని మాత్రం చెప్పాడు.

హాలు మెట్ల మీద కూర్చున్నాం. ఆమె సంచిలో ఆకురాయి లేకుండా ఏనాడూ బయలుదేరలేదు. పిడిని ఆమె మోకాళ్ల మధ్య గట్టిగా పట్టుకుంది, నేను ఆకురాయితో గీకాను. నీళ్ల సీసాలోంచి చుక్కలు పోసుకుంటూ ఉప్పుకాగితంతో రుద్దాను. నెల రోజులు నునుపు చేసిన అంచు బూడిదరంగు గాయంలా తేలింది. పోటీకొచ్చినవాళ్లు మమ్మల్ని దాటుకుంటూ మెట్లెక్కుతున్నారు. కొందరు ఆగి చూస్తున్నారు. నా చెయ్యి చున్నీ కింద లేదన్న సంగతి నాకు గుర్తొచ్చేసరికి సగం పని అయిపోయింది.

అధికారి ఉక్కు స్కేలు ఆనించి చూశాడు. మళ్లీ చూశాడు. ముద్ర అంటించాడు.

పతకం రాలేదు. అరవైమందిలో పంతొమ్మిదో స్థానం. తిరుగు రైల్లో నేను ముఖం వేలాడేసుకుంటే మేడం వేరుశనక్కాయలు వొలుస్తూ అంది: “అయిదు వేళ్లూ బాగున్నోళ్లు నలభై ఒక్కమంది నీ వెనక ఉండారు మే. వాళ్లు ఏడవాల, నువ్వెందుకు?”

పోయిన ఏడు జబ్బు తిరగబెట్టింది, ఈసారి ఎముకల్లోకి. అయినా ఆదివారాలు ఆటోలో వచ్చి కుర్చీలో కూర్చుని మా మోచేతుల్ని తిడుతూనే ఉండేది. చివరి వారం ఆసుపత్రిలో నేను పక్కన కూర్చుంటే, నర్సు మాట్లాడించొద్దంది. మేడం నా చెయ్యి అందుకుని, బొటనవేలి మొదట్లో కాయ కాసిన చోటును తడిమింది.

“మెత్తబడింది. ప్రాక్టీసు మానేసినావా?”

“మీ దగ్గర ఉండా గదా మేడం.”

“నా దగ్గర నీకేం పని?” అంది, కళ్లు మూసుకుని. నేను ఆమె నోట విన్న చివరి మాట అదే. తిట్టో, వీడ్కోలో నాకిప్పటికీ తేలలేదు. రెండూ అనుకుంటాను.

పదకొండో రోజు కర్మ అయ్యాక వాళ్ల తమ్ముడు గోడౌనులో నేర్చుకునే మా ఎనిమిదిమందినీ పిలిచాడు. మంచివాడే. “అక్క లేదు, ఇంగ గోడౌను దేనికి? మీ సామాన్లు తీసుకెళ్లండి మా” అన్నాడు.

మాలో ఎవరూ ముందుగా అనుకోలేదు. మాట నా నోటి నుంచే వచ్చింది.

“సామాన్లు ఈడనే ఉంటాయి సార్. మేమూ ఈడనే ఉంటాం.”

ఆయన మా ఎనిమిది ముఖాలూ ఒక్కొక్కటిగా చూశాడు.  తాళంచెవి నా చేతికివ్వలేదు. వెనక్కి తీసుకెళ్లనూ లేదు. కిటికీ గట్టు మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

మొన్న ఆదివారం తలుపు తీశాం. కాగితాలు తగిలించాం. ఎవరి చోట్లో వాళ్లం నిలబడి చేతులెత్తాం. అంతలో పైన రేకుల మీద వాన అందుకుంది, ఒకరి మాట ఒకరికి వినపడనంత వాన. ఒక్కరూ చెయ్యి దించలేదు.