పద్నాలుగు తాళ్ల లోకం

మా ప్రొద్దుటూరులో సాలెవీధి చివర మార్వాడీ జైనుల ఇల్లు ఒకటి ఉండేది. ఆ ఇంటి పెద్దామెను వీధి వీధంతా అవ్వా అని పిలిచేవాళ్లం. ధాన్యంలో పురుగు కనబడితే ఆమె చంపేది కాదు. మెల్లగా తీసి ముంతలో వేసి, పెరట్లో నీడపట్టున వదిలి వచ్చేది. అది చూస్తే మాకు నవ్వాగేది కాదు.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో నా తొలిచూలు ఆడబిడ్డ నెల తిరగకుండానే పోయింది. అంత పసిగుడ్డుకు మావాళ్లలో దినాలు చేయరు. పేరు కూడా పెట్టలేదు. ఇంట్లో ఎవరూ ఆ మాటే ఎత్తరు. "మళ్లీ పుడతాదిలే" అని ఓదార్చడానికి వచ్చినవాళ్ల నెత్తిన గంజికుండ బోర్లించాలనిపించేది. నా బిడ్డ ఎక్కడికి పోయిందో చెప్పేవాళ్లు నాకు కావాలి. అది తెలియక మగ్గం ముందు కూర్చోలేకపోయాను.

ఒక సాయంత్రం ఇంట్లో ఉండబుద్ధికాక అవ్వ దగ్గరికి పోయి, ఆమెతో పాటు చాటలో జొన్నలు ఏరుతూ కూర్చున్నాను. పరధ్యానంలో ఒక పురుగును బొటనవేలితో నలిపేశాను.

"అయ్యో, దానిదీ ప్రాణమే కదమ్మా" అంది అవ్వ.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నా బిడ్డది ప్రాణం కాదా అవ్వా? యాడికి పోయినాదో ఒక్కరన్నా చెప్తాండారా?" అని అరిచాను.

 అవ్వ చాటలో జొన్నలు చదును చేసి, వేలితో ఒక బొమ్మ గీసింది. కాళ్లు ఎడంగా పెట్టి, నడుం మీద చేతులు ఆనించి నిలబడిన మనిషి ఆకారం అది.

"మా పెద్దోళ్లు చెప్పిన లోకం ఇట్లుండాది. కింద నరకాలు, పైన దేవతలు, నడుం కాడ మనం. పొడుగు పద్నాలుగు తాళ్లు."

"అంతేనా? మా మగ్గానికి పడుగు లాగి కట్టేదానికే అంతకంటే ఎక్కువ తాళ్లు కావాల" అన్నాను.

అవ్వ నవ్వేసింది. "ఆ తాడు కాదమ్మా. దేవుడొకాయన రెప్పపాటుకు లక్ష యోజనాలు పోతా, ఆర్నెల్లు ఆగకుండా పోతే ఒక తాడు."

నా కోపమంతా చల్లారిపోయి భయం పట్టుకుంది. ఇంత లోకంలో నా బిడ్డను ఎక్కడని వెతికేది? అదే అడిగాను.

"యాడుండాదో నాకు తెల్దు. అబద్ధం చెప్పను" అంటూ అవ్వ ఆ గీత వెంబడే మళ్లీ వేలు తిప్పింది. "దీని బయట ఒట్టి బయలు. ఏ ప్రాణమూ ఈ గీత దాటి పోలేదు. నీ బిడ్డ లోపలే యాడో ఉండాది. నువ్వూ లోపలే ఉండావు."

బిడ్డ పోయాక అదే మొదటిసారి నేను గొంతెత్తి ఏడవడం. అవ్వ ఊరుకోమనలేదు. చాట పక్కన పెట్టి నా వీపు నిమురుతూ కూర్చుంది. లోపలి నుంచి ఆమె కోడలు రెండుసార్లు పిలిచినా లేవలేదు. నేను తేరుకునేసరికి వీధిలో దీపాలు వెలిగాయి. మర్నాడే మగ్గమెక్కాను.

ఆ కోడలు ఎందుకు పిలిచిందో నాకు తర్వాత తెలిసింది. పొద్దుగూకితే వాళ్లు మెతుకు ముట్టరట. అవ్వ ఆ రాత్రి పస్తు పడుకుంది. ఇప్పటికీ తలచుకుంటే చేతులు వాటంతటవే దణ్ణం పెడతాయి. పేరైనా లేని నా బిడ్డ కోసం ఒక పూట అన్నం మానుకున్న మనిషి, అంత లోకంలో ఆమె ఒక్కతే.