బ్లాస్టింగు వేళ భోజనం

మా గోదావరిఖనిలో ఫైన్ డైనింగ్ హోటల్ వస్తోందని చెప్పగానే, నాతో టీ తాగుతున్న రిటైర్డ్ కార్మికుడొకాయన ఒక్కటే అడిగాడు.

"పార్సిల్ ఇస్తరా?"

ఇవ్వరన్నాను.

"మరి ఇంటోళ్లేం తినాలె?"

న్యాయంగా ఆ హోటల్ కథ ఆ ప్రశ్న దగ్గరే ముగిసిపోవాలి. ముగియలేదు. దాని పేరు ఇప్పుడు హైదరాబాదులో కూడా మోగుతోంది. ఆ కీర్తిలో నా చెయ్యి కూడా కొంచెం ఉంది కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పెట్టినాయన టీవీ షెఫ్. మా ఊళ్లోనే పుట్టి, పదో తరగతి కాగానే వెళ్లిపోయి, వంటల పోటీలకు జడ్జిగా ఎదిగాడు. ఎవరు ఏం వండి పెట్టినా మొదటి చెంచాకు కళ్లు మూసుకుంటాడు. రెండో చెంచా తినగా ఎవరూ చూడలేదు. మెనూ కార్డు మొదటి పేజీలో ఆయన వంశ చరిత్ర ఉంది. తాతగారు గనిలోంచి పైకొచ్చి, తలదీపం వెలుగులో ఇవే రుచులు తినేవారట. ఆ తాత నాకు తెలుసు. సైకిల్ పంక్చర్లు వేసేవాడు. రోజూ గని గేటు దాకా వెళ్లిన మాట నిజమే. సైకిళ్లన్నీ అక్కడే ఉండేవి.

"గని కనపడాలన్నా. అదే నా బ్రాండు," అంటూ ఊరి చివర, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనికి ఎదురుగా స్థలం తీసుకున్నాడు. ఆయన ఊరు వదిలేనాటికి ఓపెన్‌కాస్టు అటువైపు రాలేదు. అందుకే బ్లాస్టింగు సంగతి ఆయనకు తెలియలేదు. బొగ్గు మీది రాయిని పేల్చడానికి దాదాపు రోజూ మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో మందు పెడతారు. ముందు సైరన్ మోగుతుంది. కాసేపటికి నేల ఒక్కసారి ఉలిక్కిపడుతుంది. సైరన్ వినగానే మా ఊళ్లో టీ తాగేవాళ్లు గ్లాసు బల్ల మీది నుంచి చేతిలోకి తీసుకుంటారు, అన్నం తినేవాళ్లు పళ్లెం పైకెత్తుతారు, ఇంటామె వెళ్లి అద్దాల బీరువాకు వీపు ఆనిస్తుంది. మాట ఎక్కడ ఆగిందో, దడ్‌మన్నాక మళ్లీ అక్కడే అందుకుంటారు. ఇదంతా చేస్తున్నామని మాకే తెలియదు.

ఆ హోటల్లో మా వీధి వంటామె పనికి కుదిరింది. ఇరవై ఏళ్లు బ్యాచిలర్ మెస్సులో వండింది. గనుల్లో మనుషులు తగ్గిపోయి మెస్సు మూతపడింది. భర్త అన్‌ఫిట్ అని గని డాక్టర్లు తేల్చాక ఇంట్లోనే ఉంటున్నాడు. ఈమె జీతమే ఆ ఇంటికి దిక్కు. సకినాలు చుట్టడంలో ఆమె చెయ్యి చూసి షెఫ్ కళ్లు మూసుకున్నాడట. ఆమె సన్నగా చుట్టి నూనెలో కాల్చిన సకినాలను ఆయన చిన్న పళ్లెంలో ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, మధ్యలో చెంచాడు మటన్ కూర దాచి, దానికి 'గోపురం' అని పేరు పెట్టాడు. ఆ హోటల్లో పేరెన్నిక గన్న వంటకం అదే. రోజూ రెండున్నరకు కూలిపోయేదీ అదే.

కొన్ని నెలలు గడిచినా జనం గేటు దగ్గరే నిలబడి ఫొటోలు దిగి వెళ్లిపోయేవారు. పెట్టుబడి పెట్టిన హైదరాబాదు వాళ్లు ఆఖరి మాట చెప్పారు. పెద్ద ఇంగ్లీషు పత్రికలో వంటల గురించి రాసే ఒకాయన వస్తున్నాడు. ఆయన మెచ్చుకుంటే నడుపుదాం, లేకపోతే ఈ నెలాఖరుకు మూసేద్దాం.

వంటామె మా ఇంటికొచ్చింది.

"అన్నా, నువ్వు పేపర్ల రాసినోనివి గద. ఆ వచ్చే సారుకు జర చెప్పు, మంచిగ రాయుమని."

"ఒక పేపరోడు ఇంకో పేపరోని మాట ఇనడు చెల్లే."

"గట్లంటే ఎట్లనే? ఇది బందైతే నేనేడికి పోవాలె? మళ్ల పోదామన్నా మెస్సులే లెవ్వాయె."

షెఫ్ తన ప్రయత్నం తాను చేశాడు. ఆ ఒక్కరోజు బ్లాస్టింగు ఆపమని గని ఆఫీసుకు వెళ్లి అడిగాడు. అక్కడి అధికారి మర్యాదగానే విన్నాడట. "మీ గోపురం కోసం బొగ్గు ఆగది సారూ. గోపురమే జర పొట్టిగ కట్టుకోన్రి," అన్నాడట.

ఒంటిగంటకు రావాల్సిన విమర్శకుడు రెండు దాటాక వచ్చాడు. హోటల్ నిండుగా కనిపించాలని ఊళ్లోవాళ్లను ఓ నలభై మందిని ఉచితంగా కూర్చోబెట్టారు. గట్టిగా మాట్లాడొద్దు, పార్సిల్ అడగొద్దు అన్నవి షరతులు. స్థానికుడు ఒకడు పక్కనుండాలని విమర్శకుడు కోరితే నన్ను ఆయన ఎదురుగా కూర్చోబెట్టారు. వంటామె రెండు చేతులతో గోపురం పట్టుకుని వంటింట్లోంచి బయలుదేరింది. హాలు మధ్యకు వచ్చేసరికి సైరన్ మోగింది.

నలభై మందీ మాట ఆపేశారు. నలభై ప్లేట్లు గాల్లోకి లేచాయి. వంటామె ఉన్నచోటే ఆగి, మోకాళ్లు కొద్దిగా వంచి, పళ్లేన్ని గుండెల ముందుకు తెచ్చుకుంది. నిశ్శబ్దం. దడ్‌మని నేల కదిలింది. గోపురం ఒక్క వణుకు వణికి నిలబడింది. మా టేబుల్ మీద మిగిలింది విమర్శకుడి నీళ్ల గ్లాసు ఒక్కటే. అది ఒరిగి ఆయన ప్యాంటు మీద పడింది. మరుక్షణం ప్లేట్లు దిగాయి, మాటలు ఆగినచోటే మళ్లీ మొదలయ్యాయి. వంటామె వచ్చి గోపురాన్ని ఆయన ముందు పెట్టింది.

ఆయన కళ్లల్లో నీళ్లున్నాయి. ఇది భూమి కింద పనిచేసేవాళ్లకు మీరు అర్పించే నివాళి కదూ అని నన్ను ఇంగ్లీషులో అడిగాడు. నేల కింద ఆ చప్పుడు ఏర్పాటు చేసిన ఇంజనీరు ఎవరు అని కూడా అడిగాడు.

ఉన్న సంగతి నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు. ముప్పై ఏళ్లు పేపర్లో ఆ పనే చేశాను. వంటామె అక్కడే నిలబడి నా నోటివంకే చూస్తోంది. "మా దగ్గర అంతేనండి," అన్నాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అందుకే అది చెప్పడం అంత సులువైంది.

వ్యాసం అరపేజీ వచ్చింది. వంట గురించి రెండు వాక్యాలున్నాయి. మిగతాదంతా మౌనం, భూమి, శ్రమ. ఆచారం తెలియక పాల్గొనని తనకు తడిసిన ప్యాంటే తగిన శిక్ష అని కూడా రాసుకున్నాడు. ఆ తర్వాత కార్లు మొదలయ్యాయి. రైలెక్కి వచ్చేవాళ్లూ ఉన్నారు. బుకింగులన్నీ రెండు గంటలకే. వాన పడి బ్లాస్టింగు లేని రోజున, వంట బాగుంది గాని భూమి కదల్లేదని ఫిర్యాదులు. మెనూ కార్డులో తాత ప్లేటెత్తడం కూడా చేరింది. ఆదివారాలు వచ్చి అతిథులకు ఆచారం పుట్టుక చెప్పమని షెఫ్ నన్ను పిలిచాడు. భోజనం ఉచితం. వెళ్లాను. చెప్పాను. చెప్పేకొద్దీ ఆ ఆచారం పాతదైపోయింది.

ఆపైన అటువైపు బొగ్గు అయిపోయింది. బ్లాస్టింగు ఆగింది. షెఫ్ వారం రోజుల్లో నేల కింద పెద్ద స్పీకర్లు పెట్టించాడు. రికార్డు చేసిన సైరన్, రికార్డు చేసిన దడ్.

స్పీకర్లు పెట్టాక వచ్చిన మొదటి ఆదివారం నేను అక్కడే ఉన్నాను. సైరన్ మోగింది. హైదరాబాదు అతిథులంతా కార్డులో రాసినట్టే ప్లేట్లెత్తి తలలు వంచారు. మూలన కూర్చున్న మా ఊరి కుటుంబం తింటూనే ఉంది. నా చెయ్యి కూడా అన్నంలోనే ఉంది. ఎత్తాలని గుర్తు రాలేదు. వంటామె గోపురం పట్టుకుని ఆ మౌనంలోంచి చెప్పులు టపటపలాడించుకుంటూ నడిచి వెళ్లి, టేబుల్ మీద పెట్టేసింది.

షెఫ్ పరుగున వచ్చాడు. "అక్కా, ఆగాలె గదా!"

"ఎందుకు సారూ? ఏం కదుల్తలేదు గద."

"కదిలినట్టు అనుకోవాలె."

"అనుకుంటనే ఉన్న సారూ. మోకాళ్లు నమ్ముతలేవు."

పని పోతుందని ఆ సాయంత్రం ఆమె కంటే నేనే ఎక్కువ భయపడ్డాను. ఆమె నోరు విప్పితే విమర్శకుడు, షెఫ్, నేను ముగ్గురం ఒకే తాటికి వేలాడతాం. కానీ సకినాలు అంత సన్నగా చుట్టగలిగే చెయ్యి షెఫ్‌కు ఇంకెక్కడా దొరకలేదు. ప్లేటు పట్టుకుని నిలబడటానికి నాటకాల్లో వేసిన ఒకామెను హైదరాబాదు నుంచి తెచ్చుకున్నాడు. వంటామెను హాల్లోకి రావద్దన్నాడు. నన్ను ఆదివారాలు పిలవడం మానేశాడు.

మొన్న రేషన్ షాపు దగ్గర వంటామె కనిపిస్తే, పని ఎట్లుందని అడిగాను.

"మంచిగుందన్నా. ఒక్క జాగల కూసొని చుట్టుకుంటున్న. ఆ కొత్తామె నిలబడే తీరు చూడాలె నువ్వు. నాకంటే మంచిగ భయపడ్తది."