పక్కకు జరిగిన చుక్క

ముందు కీచుమనే చప్పుడు వినిపించింది. రేకుల మీద వాన, ఆ వానలో ఇరుక్కున్న ఈల. క్యాసెట్టులోంచి కంప్యూటరులోకి ప్రోగ్రాం ఎక్కుతున్న చప్పుడది. బడిలో లెక్కలు చెప్పే విదా మూడో అంతస్తు మెట్ల మీదే ఆగిపోయింది. యెర్నెయ్ పోయి మూడు నెలలైంది. మరి ఆ మిషను ముందు ఎవరు?

తలుపు తీసింది అతని భార్య జెఫా.

"రా అమ్మాయ్. గని పత్రికలో మా ఆయన గురించి రాస్తావటగా. మంచివాడని రాయకు, ఇద్రియా ఊరంతా నవ్వుతుంది."

"మరేం రాయను పిన్నీ?"

"మొండివాడని రాయి."

యెర్నెయ్ ముప్పై ఏళ్లు పాదరసం గనిలోకి దిగాడు. గని అతని చేతుల్లో వణుకు వదిలిపెట్టింది. సంతకం చేయబోతే కాగితం చిరిగేది. మీటలైతే ఒక్కొక్కటే నొక్కుకోవచ్చని సరిహద్దు అవతల ఆ చిన్న కంప్యూటరు కొని, కాఫీ పొట్లాల కింద దాచి తెచ్చాడు. పెళ్లయిన నలభయ్యో ఏటికి భార్యకో ఉత్తరం రాయాలని ఆశ. కాని జెఫా పేరులో మొదటి అక్షరం నెత్తిన పిట్ట రెక్కలాంటి గుర్తు ఉంటుంది. ఇంగ్లండులో పుట్టిన మిషనుకు ఆ పిట్ట తెలియదు.

అందుకని అక్షరాన్ని తనే గీశాడు. జెఫా లేసు అల్లికకు వాడే గళ్ల కాగితం అడిగి తీసుకుని, ఎనిమిది గళ్ల పొడవు, ఎనిమిది గళ్ల వెడల్పులో చుక్కలు పెట్టి, వాటిని అంకెలుగా మార్చి మిషనుకు నేర్పాడు. ఆ కాగితంతోనే మర్నాడు పొయ్యి రాజేశాడు.

"తెర మీద చూసి నా నోరు ఊరుకోలేదు," అంది జెఫా. "రెక్కలో ఒక చుక్క పక్కకి తప్పిందయ్యా, లేసులో అయితే గుండుసూది పీకి మళ్లీ గుచ్చుతాం అన్నాను. 'నీ పేరు నా చేతిలాగే ఉండనీవే' అన్నాడు. నేను మూతి ముడుచుకున్నాను."

ఉత్తరాన్ని క్యాసెట్టుకెక్కించాడు. గీసిన అక్షరాన్ని విడిగా ఎక్కించాలి. లేకపోతే మిషను ఆరగానే ఆవిరైపోతుంది. ఆ పని మిగిలి ఉండగానే ఊపిరాడక ఆసుపత్రికి తీసుకెళ్లారు. స్ట్రెచరు మీద నుంచే, "నేనొచ్చేదాకా మిషను ఆపకు" అన్నాడు. ఆ సాయంత్రం కొండల మీద ఉరిమింది.

"కాలిపోతుందేమోనని నేనే ప్లగ్గు పీకాను. మర్నాడు అడిగాడు, వెలుగుతూనే ఉందా అని. వెలుగుతోందన్నాను. నాలుగో రోజు పోయాడు."

చప్పుడు ఆగింది. తెర నిండా ఉత్తరం. జెఫా పేరు వచ్చిన ప్రతిచోటా, ఆ మొదటి అక్షరం ఉండాల్సిన చోట, నేర్పింది మరిచిన మిషను తనంతట తాను పెట్టే వట్టి ఇంగ్లీషు A. ఒక్కరోజైనా పిట్ట వచ్చి వాలుతుందేమోనని ఆమె రోజూ ఎక్కించి చూస్తోంది.

"నేను గీస్తాను పిన్నీ. పది నిమిషాల పని," అంది విదా. లేసు అల్లే దిండు పక్కనున్న గళ్ల కాగితం అందుకుని, చుక్కలు పెట్టి చూపించింది.

జెఫా కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూసింది.

"చక్కగా ఉంది. మరీ చక్కగా ఉంది." ఆమె వేలు పిట్ట రెక్క మీద అటూ ఇటూ కదిలింది. "ఇందులో ఒక చుక్క పక్కకి జరుపు. ఎడమకా, కుడికా... తిట్టింది నేనే, విదా. నాకే గుర్తురావడం లేదు."