సోడాబుడ్డి, మంచు పట్టని గాగుల్స్

లాండ్రీలో అందరూ అతన్ని సోడాబుడ్డి అనే పిలిచేవారు. ఆ కళ్లద్దాల మందం అలాంటిది మరి. ఒకసారి మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి ఎవరినో దారి అడిగితే, చెప్తున్నవాడి చొక్కా జేబులోంచి పొగ లేచిందట. చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు, జేబు మాత్రం లేదు.

పెద్ద పెద్ద హోటళ్ల దుప్పట్లు, దిండు గలీబులు ఉతికే లాండ్రీ అది. అతనిది ఆవిరి ఇస్త్రీ మిషను దగ్గర పని. పై పలక ఎత్తినప్పుడల్లా బుస్సుమని ఆవిరి లేచి అద్దాలు తెల్లబడిపోయేవి. మొదట్లో తుడుచుకునేవాడు, తర్వాత మానేశాడు. వేళ్లతోనే దుప్పటి అంచు తడిమి, ముడతలు సరిచేసి, పలక దించేసేవాడు. అలా చూడకుండానే రోజులు గడపడం అలవాటైపోయింది. ఇంటికి వెళ్తే ఒకటే గది, ఒకటే కుర్చీ. రెండో కుర్చీ కొందామని ఎప్పుడో అనుకున్నాడు గానీ, దానిమీద ఎవరు కూర్చుంటారో తేలక ఆగిపోయాడు.

అతనికి మనుషులంటూ ఉంటే ఆదివారం మనుషులే. ఊరి చివర పాడుబడ్డ గోడౌనులో బొమ్మ తుపాకులతో ప్లాస్టిక్ గుళ్లు పేల్చుకునే ఆట ఆడతారు, ఎయిర్‌సాఫ్ట్ అంటారు. గుండు తగిలినవాడు తనంతట తనే "తగిలింది" అని చెయ్యెత్తి బయటికి నడవాలి. సాక్షులుండరు, తగువులుండవు. అంత నిజాయితీ ఉన్న చోటు అతను మరెక్కడా చూడలేదు. అసలు ఎక్కడైనా ఏదైనా సరిగ్గా చూస్తే కదా!

అతని చోటు వెనక మూలన, ఇనప పీపాల చాటున. దానికి ఎదురుగా గోడ వారన, తన జట్టువాడొకడు ప్రతి ఆదివారమూ నిలబడేవాడు. పొడుగాటి మనిషి. పలకడు, ఉలకడు. మిగతావాళ్లు ఎంత పరుగులు పెట్టినా తన చోటు వదలడు. సోడాబుడ్డి చెయ్యి ఊపితే ఒక్కోసారి అతనూ ఊపేవాడు. అదే స్నేహం. సోమవారం వచ్చిందంటే ఆ స్నేహం గురించి లాండ్రీలో కోతలే కోతలు.

"మేమిద్దరం ఆ మూల పట్టామంటే చీమ కూడా దూరదు పిన్నీ. వాడటు, నేనిటు. నిన్న ముప్పై మందిని ఆపాం!"

దుప్పట్లు మడతపెట్టే ఆవిడ వరసకు ఏమీ కాకపోయినా అందరికీ పిన్నే. "పోయిన వారం ఇరవై అన్నావు. ఈ పది మందినీ ఎక్కణ్ణించి పుట్టించావురా? ఇంతకీ వాడి పేరేంటి?"

"అడగలేదు. యుద్ధంలో పేర్లేంటి పిన్నీ!"

కళ్లకు కవచం లేనిదే గోడౌనులోకి రానివ్వరు. మామూలు కళ్లజోడు అందుకు పనికిరాదు, గుండు దెబ్బకు పగిలి కంట్లోనే గుచ్చుకుంటుంది. అందుకని అతను కళ్లజోడు మీదే పెద్ద గాగుల్స్ తగిలించేవాడు. నాలుగు అడుగులు పరిగెత్తి ఆయాసపడేసరికి ఊపిరి ఆవిరికి రెండు అద్దాలకూ మంచు పట్టేది. కొన్నాళ్లు కళ్లజోడు జేబులో పెట్టుకుని ఆడాడు. అప్పుడు మంచు లేదు గానీ, మనుషులూ లేరు.

ఒక ఆదివారం ఆట మధ్యలో ఆ మంచు భరించలేక, గాగుల్స్ పైకెత్తి చొక్కా అంచుతో అద్దాలు తుడుచుకున్నాడు. గోడౌను నడిపే అక్క ఈల వేసింది. ఆట ఆగిపోయింది.

"ఏంటన్నా ఇది? లోపల గాగుల్స్ తియ్యొద్దని గేటు దగ్గర నెత్తీ నోరూ కొట్టుకుంటాను కదా!"

"ఒక్క క్షణమే అక్కా. తుడుచుకుందామని..."

"గుండుకి ఆ క్షణం చాలు. కన్ను పోతే నేను తెచ్చివ్వగలనా? వచ్చే వారం మంచు పట్టనివి పెట్టుకుని రా. లేకపోతే రావద్దు. కోపంతో కాదన్నా, భయంతో చెప్తున్నా."

ఆ రావద్దన్న మాట అతనితోపాటే గదికి వచ్చి, ఉన్న ఒక్క కుర్చీలోనూ కూర్చుంది. ఆదివారం కూడా పోతే ఇక వారమంతా సోమవారాలే.

మర్నాడే ఆటసామాను షాపుకి వెళ్లాడు. నచ్చకపోతే తిరిగి ఇచ్చేయమని షాపువాడు మూడు రకాలు చేతిలో పెట్టాడు. మంచు పడుతుందో లేదో తేల్చడానికి ఇస్త్రీ మిషనుని మించిన పరీక్ష ఏముంది? వాటిని లాండ్రీకే పట్టుకొచ్చాడు.

మొదటిది కళ్లజోడు మీద తొడిగేదే, పైన బుల్లి ఫ్యాను ఉంది. బుస్సుమని ఆవిరి లేచినా అద్దం తెల్లబడలేదు. అతను గంతేయబోయాడు. పిన్ని అతని కణత దగ్గర చిటికెన వేలు దూర్చింది. కళ్లజోడు కాడ అడ్డుపడి స్పాంజి అంచు మొహానికి ఆనడం లేదు.

"నా వేలే దూరింది, గుండు దూరదా?"

రెండోదానికి అద్దమే లేదు, ఇనప జల్లెడ. మంచు పట్టే ప్రసక్తే లేదు. పిన్ని నీళ్ల సీసా తీసి మొహాన చిలకరించింది. కళ్లజోడు నిండా చుక్కలు.

"గుండు పగిలితే దాని ముక్కలూ ఇలాగే దూరతాయి," అన్నాడు నీరసంగా.

మూడోది గుండు దెబ్బకు ఆగే రెండు పొరల అద్దం. లోపల చిన్న ఫ్రేము, అందులో పవరు అద్దాలు బిగించుకోవాలి. ఇక కళ్లజోడు అక్కర్లేదు, కాడలూ ఉండవు, అంచు మొహానికి అతుక్కుంటుంది. దాన్ని కళ్లద్దాల షాపాయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన కంటికీ కంటికీ మధ్య దూరం కొలుస్తూ, "ఇంతకీ దేన్ని చూడాలండీ మీరు?" అని అడిగాడు.

"మా జట్టువాణ్ని."

అద్దాలు రాగానే ఆ గాగుల్స్ పెట్టుకుని మిషను ముందు నిలబడి పలక ఎత్తాడు. అంచులు కాస్త తెల్లబడి, వెంటనే తేటపడ్డాయి. ఆవిరి అవతల పిన్ని మొహం కనబడింది.

"నీ జుట్టు ఎప్పుడు తెల్లబడింది పిన్నీ?"

"నువ్వు చూడనప్పుడు."

ఆదివారం గేటు దగ్గర అక్క గాగుల్స్ పట్టుకుని అటూ ఇటూ గుంజింది, అంచులు తడిమింది, ఊపిరి ఊది చూసింది. "ఇంక పర్లేదు, వెళ్లన్నా!" అంది. అతను పీపాల చాటుకు పరిగెత్తి, చెయ్యి ఊపి, ఎదురు గోడకేసి చూశాడు.

గోడకు మేకు. మేకుకు చిరిగిన రెయిన్‌కోటు, దానిపైన ఓ పాత టోపీ. పగిలిన కిటికీలోంచి గాలి వచ్చినప్పుడల్లా ఒక చెయ్యి కొద్దిగా ఊగుతోంది.

ఎంతసేపు నిలబడ్డాడో, వీపు మీద టప్పుమని ఏదో తగిలింది. కొట్టినవాడు కూడా అది గమనించకుండా ముందుకు పరిగెత్తాడు. సోడాబుడ్డి చెయ్యెత్తాడు. "తగిలింది," అని ఎవరూ లేని మూలకు చెప్పి బయటికి నడిచాడు.

"అప్పుడే వచ్చేశావేం? మంచు పట్టిందా?" అంది అక్క.

"లేదక్కా. చాలా బాగా కనబడుతోంది."

"అయితే రెండో ఆటకి ముందు వరసలో నిలబడు. ఇప్పుడు కనబడుతోందిగా!"

"నన్ను ఆ మూలనే ఉండనీ అక్కా."

రెండో ఆటలో అతను పీపాల చాటున కూర్చోలేదు. రెయిన్‌కోటు పక్కన, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆ మూలకు ఎవరూ రాలేదు.

సోమవారం పిన్ని అడిగింది. "మీవాడెలా ఉన్నాడు?"

"ఉన్నాడు పిన్నీ. నిన్న నలభై మంది." అతను కళ్లజోడు తీసి, చాలాకాలానికి, మిషను దగ్గర తుడుచుకున్నాడు.

పిన్ని ఆ పెరిగిన పది మంది సంగతి అడగలేదు. ఒక పెద్ద దుప్పటి విదిలించింది.

"ఇలా రా. ఆ చివర పట్టుకో."