బొమికలు వేసి మచ్చిక చేసినాను

మొన్న మా అక్క కొడుకు ఫోన్‌లో అడవి ఆట ఆడుతూ, తోడేలుకు బొమికలు వేసి మచ్చిక చేసుకున్నాడు. చూడగానే నా చిన్నతనం గుర్తుకొచ్చింది.

తొమ్మిదేళ్లప్పుడు నేనూ అదే ఆట ఆడేదాన్ని. సెలవులకు రాచర్లలో మామ ఇంటికి పోతే, గొర్రెల దొడ్డి వెనక ఒక బూడిదరంగు కుక్క కనిపించింది. ఆటలో మాదిరే రోజూ సాయంత్రం బొమికలు వేసినాను. నాలుగోరోజు అది దగ్గరికొచ్చింది. నిమరబోయినాను.

"పాపా, కదలొద్దు! అది కుక్క కాదు, తోడేలు!" అని మామ కర్రెత్తి ఉరికొచ్చినాడు. అది పారిపోయింది.

తెల్లారేసరికి దొడ్డిలో ఒక గొర్రెపిల్ల లేదు.

"ఎన్నిరోజుల నుంచి వేస్తాండావు?" మామ మెల్లగా అడిగినాడు.

"నిన్న ఒక్కరోజే మామా."

అలవాటు పడిన తోడేలు మళ్లీ వస్తుందని, ఆ ఎండాకాలమంతా మామ దొడ్డిలోనే మంచం వేసుకున్నాడు. నా మాట నమ్మలేదని ఇప్పుడు అర్థమవుతోంది.